ఆఖరి బండికి ఎర్ర దీపం

పాత స్టేషన్ పేరు ఎత్తితే చాలు, ఆ పేటలో ఏడుస్తున్న పిల్లలు టక్కున నోరు మూసేవాళ్లు. పెద్దవాళ్లు తెరిచేవాళ్లు.

"పొద్దుగూకాక అటు పోకు నాయనా!" అని మొదలుపెట్టేవాళ్లు. ఎందుకు పోకూడదో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పేవాళ్లు గానీ, అందరూ ఒప్పుకున్న మాట ఒకటుంది. బళ్లు ఆగిపోయిన ఆ స్టేషన్లో, పట్టాలు కూడా పీకేసిన ఆ చోట, చీకటి పడ్డాక... ఇంజను కూస్తుంది. రెండే కూతలు. ఆ తర్వాత ప్లాట్‌ఫారం చివర ఎర్రటి కన్నొకటి తెరుచుకుంటుంది. అటూ... ఇటూ... ఊగుతుంది. ఆరిపోతుంది.

"ఒంటి కన్ను! నిప్పు కణికలా ఉంటుంది!" అనేది ఇస్త్రీ బండి ఆవిడ.

"నువ్వు చూశావా?" అని అడిగితే, "చూస్తే ఇక్కడ కూర్చుని నీ చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉంటానా?" అనేది.

అలాంటి చోట పార్కు కడతామన్నారు పురపాలక సంఘం వాళ్లు. టికెట్ల గదిలో పాత లాంతర్లూ జెండాలూ అద్దాల పెట్టెల్లో పెడతారట. వెయిటింగ్ హాల్లో పిల్లలకి బొమ్మల పుస్తకాలట. పట్టాలు ఓ నాలుగు బారలు మళ్లీ పరిచి, వాటిమీద ఒక పాత రైలు పెట్టెని రంగేసి నిలబెడతారట. అన్నారు, చేశారు కూడా. పగలంతా పని జోరుగా సాగేది. సాయంత్రం నీడలు సాగేసరికి తాపీవాళ్లూ, రంగులవాళ్లూ, మొక్కలవాళ్లూ ఎక్కడి పని అక్కడ పడేసి మాయం! కాపలాదారు రేకుల షెడ్డులోకి దూరి, తలుపు గడియ పెట్టుకుని, రేడియో గట్టిగా పెట్టుకునేవాడు. కాపలా అంతా రేడియోదే.

ఇరుక్కుపోయింది ఒక్క కరెంటు పిల్ల.

పార్కుకి దీపాలు పెట్టే పని ఆ అమ్మాయిది. అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. చేసే పనికి ఆ పేరు వచ్చిందనేవాళ్లు కొందరు, ముట్టుకుంటే షాకు కొడుతుంది కాబట్టి వచ్చిందనేవాళ్లు ఇంకొందరు. మర్నాడు పార్కు తెరుస్తారు. వైర్లన్నీ లాగేసింది, స్విచ్చులన్నీ బిగించేసింది. ఫోకస్ లైట్లు ఎటు తిరగాలో చూసుకోవడం ఒక్కటే మిగిలింది. పట్టపగలు లైట్లు తిప్పుకుంటూ కూర్చుంటే ఏం కనపడుతుంది, సూర్యుడు తప్ప? చీకట్లోనే చూసుకోవాలి. ఆ మాట వినగానే ఆమె కింద పనిచేసే వాళ్లలో ఒకడికి జ్వరం వచ్చింది, ఇంకొకడికి రాబోతోంది.

"పోండి! దెయ్యమొస్తే నేను మాట్లాడతాను," అంది.

అంది గానీ... ఒంటరిగా మాత్రం ఉండలేదు. మేకులబాబుని వెంటపెట్టుకుంది.

మేకులబాబంటే పార్కులో బెంచీలూ తలుపులూ చేసిన వడ్రంగి. ఎప్పుడూ పెదాల మధ్య నాలుగు మేకులు కరుచుకుని ఉంటాడు. మనిషి గుమ్మానికి అడ్డం నిలబడితే గాలి కూడా పక్కనుంచి పోవాలి. ధైర్యం మాత్రం... పైన పటారం, లోన లొటారం. బల్లి పైనుంచి పడితే బల్లికంటే ముందు వీడు పారిపోతాడు. అయినా కరెంటు పిల్ల రమ్మంటే వచ్చాడు. ఎందుకొచ్చాడో పేటంతటికీ తెలుసు. వెయిటింగ్ హాల్లో వాడు తలుపులు బిగిస్తూ, ఈమె పైన ఫ్యాన్లు బిగిస్తూ, ఎప్పుడు మనసులు బిగించుకున్నారో వాళ్లకే తెలీదు.

మనసులు కలిస్తే ఏం లాభం, తండ్రులు కలవందే!

కరెంటు పిల్ల నాన్న ఇంజను డ్రైవరు. మేకులబాబు నాన్న గార్డు. ఇద్దరూ ఉద్యోగమంతా ఒకే బండిలో చేశారు. ఈ స్టేషన్ నుంచి ఆఖరి బండి కదిలింది కూడా వాళ్ల చేతులమీదుగానే. కాదు కాదు, అక్కడే వచ్చింది చిక్కు. ఒక్కడి చేతులమీదుగానే కదిలింది.

బండి కదలాలంటే ఒక వరస ఉంటుంది. స్టేషన్ మాస్టరు గంట కొట్టించాలి. గంట పడ్డాక వెనక పెట్టెలోంచి గార్డు పచ్చ జెండానో, పచ్చ దీపమో చూపించాలి. పచ్చ చూశాక డ్రైవరు కదపాలి. ఆఖరి రోజున ఊరంతా ప్లాట్‌ఫారం మీదే ఉంది. మాస్టరుగారు ఇంకెవర్నీ కొట్టనివ్వకుండా గంట తాడు తనే పట్టుకుని, దుఃఖం ఆగక, కొట్టలేక, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డారు. గార్డు కిందికి దిగి ఎవరితోనో ఫోటో దిగుతున్నాడు. ఇంతలో... బండి కదిలిపోయింది! గార్డుని ప్లాట్‌ఫారం మీద వదిలేసి మరీ పోయింది. పాపం ఆయన జెండా చంకలో పెట్టుకుని పరిగెత్తాడు. జనం పగలబడి నవ్వారు. ఏళ్లు గడిచినా ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి పోలేదు.

"నేను పచ్చ చూశాను. చూడందే బండి కదపను," అన్నాడు డ్రైవరు.

"నేను చూపించందే నువ్వెలా చూశావు?" అన్నాడు గార్డు.

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు ఆకాశం చూస్తారు, ఇంకొకరు చెప్పులు చూసుకుంటారు. ఇప్పుడు పిల్లల పెళ్లి మాట రాగానే గార్డు ఒక్క మాటన్నాడు: "నన్ను వదిలేసి పోయిన మనిషితో వియ్యమా? ఈ పెళ్లికి నేను పచ్చ చూపించను." అక్కడితో ఆగాడా? పార్కు తెరిచిన మర్నాడే కొడుక్కి ఇంకో సంబంధం చూడ్డానికి వస్తామని ఎవరికో మాటిచ్చేశాడు కూడా.

అదీ సంగతి. ఇక ఆ రాత్రికి వద్దాం.

లైట్లు ఒక్కొక్కటే వేసి, తిప్పి, బిగించి, ఆర్పుతోంది కరెంటు పిల్ల. నిచ్చెన పట్టుకున్నాడు మేకులబాబు. పట్టుకున్నాడంటే... వాటేసుకున్నాడు.

"విన్నావా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏంటి?"

"కిణ్... కిణ్... అని. నేను కదిలితే వినపడుతోంది. ఆగితే ఆగిపోతోంది. నా వెనకాలే వస్తోంది!"

కరెంటు పిల్ల కిందికి దిగి, వాడి జేబులో చెయ్యి పెట్టి, బెత్తెడు పొడవున్న ఇత్తడి ముక్క బయటికి తీసింది. స్టేషన్ గంట లోపల వేలాడే నాలుక అది. గంటని మెరుగుపెట్టించి, పాత చోటే, టికెట్ల గది ముందు వేలాడదీశారు. నాలుక కొక్కెం అరిగిపోయిందని విప్పి, తెల్లారి కొత్త కొక్కెం వేసి తగిలిద్దామని వీడే జేబులో వేసుకున్నాడు. తాళంచేతులకి తగిలి మోగుతోంది.

"నీ జేబుకి నువ్వే భయపడితే ఎలారా నాయనా!" అని నవ్వి, దాన్ని మళ్లీ జేబులో పడేసింది. వాడూ నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే ఆమె మెయిన్ స్విచ్ కట్టేసింది. ఏ వైరు దేనికో ఒకసారి సరిచూసుకుందామని.

చీకటి.

గాలి కూడా లేదు. దూరంగా షెడ్డులో రేడియో ఒక్కటే గొణుగుతోంది.

అప్పుడు...

కూ...! కూ...!

మేకులబాబు పెదాల మధ్య మేకులన్నీ జలజలా నేలమీద పడ్డాయి. ఆ కూత గొంతుతో కూసినట్టు లేదు. ఇనప కడుపులోంచి వచ్చినట్టుంది. కొత్తగా నాటిన మొక్కల మీదుగా వచ్చి, ప్లాట్‌ఫారం పొడవునా దొర్లుకుంటూ పోయింది.

కరెంటు పిల్ల డ్రైవరు కూతురు. కూతల భాష ఉగ్గుపాలతో నేర్చుకున్నది.

"ఏమంటోంది?" అని గుసగుసగా అడిగాడు మేకులబాబు.

"బయల్దేరనా... అని అడుగుతోంది."

"ఎవర్ని?"

ప్లాట్‌ఫారం చివర, చీకట్లో... ఎర్ర కన్ను తెరుచుకుంది.

అటూ... ఇటూ...

మేకులబాబు గార్డు కొడుకు. దీపాల భాష వాడికి కొట్టిన పిండి. "వద్దంటోంది," అన్నాడు. "ఆగమంటోంది."

మళ్లీ కూ...! కూ...! ఈసారి బతిమాలుతున్నట్టుంది. ఎర్ర కన్ను ఇంకా విసురుగా ఊగింది.

"పోదాం," అన్నాడు మేకులబాబు.

"ఎక్కడికి? గేటు ఆ కన్ను పక్కనే ఉంది."

"అయితే... గోడ దూకుదాం."

"నువ్వు దూకితే గోడ ఉంటుందా? రేపు పార్కు తెరవాలి!"

చెయ్యి చెయ్యీ పట్టుకున్నారు. కరెంటు పిల్లకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే ఒళ్లుమండింది. ఎల్లుండి ఈ మనిషిని ఇంకెవరికో చూపించడానికి తీసుకుపోతారు. ఉన్న ఒక్క రాత్రి పక్కన నిలబడదామంటే దెయ్యాలు కూడా అడ్డమా? ఏదైతే అదవుతుందని రెండో చేత్తో గోడ తడిమి మెయిన్ స్విచ్ పైకి తోసేసింది.

భళ్లుమని వెలుగు! స్టేషనంతా పట్టపగలైపోయింది.

నీళ్ల ట్యాంకు కింద, ఒకప్పుడు ఇంజన్ల కడుపు నింపిన ఇనప గొట్టం ఒకటి వేలాడుతుంది. దాని మూతిలో మూతి పెట్టి, బుగ్గలు బూరెల్లా పొంగించి... డ్రైవరుగారు! ప్లాట్‌ఫారం చివర, మెడచుట్టూ మఫ్లరు, చేతిలో పాత మూడు రంగుల లాంతరు, కళ్లు చికిలించుకుంటూ... గార్డుగారు!

"నాన్నా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఎవరి నాన్నని వాళ్లు.

కొండను తవ్వి ఎలుకని పట్టడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ ఎలుకలు రెండు.

"తిన్నది అరగడానికి నడకకి వెళ్తున్నానన్నావు?" అని కరెంటు పిల్ల నడుంమీద చేతులు పెట్టుకుంది.

"అరిగింది," అన్నాడు డ్రైవరు.

"పేటంతా భయంతో చస్తోంది నాన్నా! ఇస్త్రీ ఆవిడ రాత్రుళ్లు లైటార్పదు. మీ ఇద్దరికీ మాటల్లేవు కదా, ఇదేం పని?"

"మాటలా? ఈ మనిషితోనా? ఛీ!" అన్నాడు గార్డు. "నేను దీపం చూపిస్తాను. అంతే."

"నేను కూత వేస్తాను. అంతే," అన్నాడు డ్రైవరు. తర్వాత కాస్త నెమ్మదిగా అన్నాడు: "డ్రైవరూ గార్డూ ఎప్పుడు మాట్లాడుకున్నారమ్మా? నేనీ చివర, ఆయన ఆ చివర. మధ్యలో బండంతా ఉండేది. దీపంతో, కూతతోనే ఒకరికొకరం ఉన్నామని తెలిసేది. ఆయన అలిగాక ఇంట్లో నిద్రపట్టేది కాదు. ఓ రాత్రి ఇటొచ్చి ఊరికే కూశాను. ఎర్ర దీపం కనపడింది. హమ్మయ్య, ఉన్నాడనుకున్నాను."

"ఉండకేం?" అని గార్డు గసిరాడు. "ఆ రోజు నేను చూపించాల్సిన పచ్చ నా చేతిలోనే ఉండిపోయింది. ఆ బరువుతో నాకు మాత్రం నిద్రా? రోజూ వచ్చి కూర్చుంటాను. ఈయన రోజూ అడుగుతాడు, నేను రోజూ వద్దంటాను. అడగడం మానితే ఊరుకుంటానా? ఇంటికెళ్లి అడుగుతాను, ఎందుకు మానావని."

కరెంటు పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందుకొచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఒక్కటి చెప్పు. ఆ రోజు పచ్చ చూశావా, లేదా?"

"చూశాను."

"ఎవరు చూపించారు?"

డ్రైవరు ట్యాంకు వంక చూశాడు. చెప్పుల వంక చూశాడు. ఇంక చూడ్డానికేం మిగల్లేదు.

"మీ అమ్మ."

"అమ్మా?!"

"నా ఆఖరి బండి చూడ్డానికొచ్చింది. కొత్త పచ్చ శాలువా కప్పుకుంది. వెళ్లొస్తావా అని శాలువా ఊపింది. ఆ జనంలో వెనక్కి తిరిగి చూస్తే పచ్చ ఊగుతోంది... కదిలించేశాను. ఊరు దాటాక తెలిసింది. చెబితే ఊరుకుంటారా? శాలువాతో బండి తోలించిందని దాన్ని బతికినన్నాళ్లూ ఆటపట్టిస్తారు. ఆ మాటేదో నేనే పడదామని ఊరుకున్నాను. దానికీ ఇప్పటికీ తెలీదు."

గార్డు గబగబా డ్రైవరు దగ్గరికొచ్చాడు.

"చెల్లెమ్మ ఊపిందా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది, లాంతరు చేతిలో ఎగిరెగిరి పడింది. "చెల్లెమ్మ పచ్చ ఊపిందని ఒక్క ముక్క అని ఉంటే, నడుచుకుంటూ అయినా నీ వెనకాలే వచ్చేవాణ్ణి కదయ్యా! ఇన్నేళ్లు తగలేశావు కదయ్యా!"

"నువ్వు అడగలేదు కదయ్యా!"

"మాటల్లేనప్పుడు ఎలా అడుగుతానయ్యా!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఊగిపోతూ నవ్వుతుంటే, ఇనుము వేడిగా ఉండగానే కొట్టాలని కరెంటు పిల్ల చొరబడింది. "అయితే మామయ్యగారూ, ఇక మా పెళ్లికి పచ్చ చూపించెయ్యండి!"

"చూపించనూ? ఆ వెలుగు ఆర్పమ్మా, నా దీపం కనపడొద్దూ?"

ఆమె స్విచ్ కట్టేసింది. ఇనుమడించిన చీకట్లో గార్డు లాంతరు ఎత్తాడు. పచ్చ అద్దం తిప్పబోయాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఊఁ?" అన్నాడు డ్రైవరు.

"గంట పడలేదుగా."

"మామయ్యగారూ!"

"అదేంటమ్మా, గంట పడకుండా గార్డు పచ్చ ఎలా చూపిస్తాడు? నా సర్వీసులో ఏనాడూ చూపించలేదు. ఆ రోజూ చూపించలేదు. ఇన్నాళ్లూ ఎర్ర చూపించింది కోపం కొద్దీ అనుకున్నారా? సగం కోపం, సగం రూలు."

"ఆ మాటా నిజమే," అన్నాడు డ్రైవరు, కూతురి పరిస్థితి మర్చిపోయి. "రూలంటే రూలే."

"గంట కొట్టాల్సిన మాస్టరుగారు పోయి ఏళ్లయింది!" అని కరెంటు పిల్ల అరిచింది.

"పోయారు. పోయేముందు నన్ను పిలిపించారు. ఆఖరి గంట కొట్టలేకపోయాను గార్డుగారూ, అదొక్కటే బాకీ, అని నా చెయ్యి పట్టుకున్నారు." గార్డు లాంతరు కిందికి దించాడు. "ఆయన గంట పడకుండా పచ్చ చూపించడానికి నాకు చేతులు రావమ్మా. ఏం చెయ్యను... ఎల్లుండి వాళ్లకి మాటిచ్చాను కూడా."

కరెంటు పిల్ల మేకులబాబు చెయ్యి వెతుక్కుని గట్టిగా పట్టుకుంది. షెడ్డులో రేడియో ఆగిపోయినట్టుంది...

టంగ్...!

ప్లాట్‌ఫారం మొత్తం మోగింది.

టంగ్...! టంగ్...!

గార్డు ఆలోచించలేదు. ఆలోచించేది ఆయన చెయ్యి కాదు. ఎన్నో ఏళ్ల సర్వీసు ఆ చేతిని దానంతటదే పైకి లేపింది, అద్దం తిప్పింది. చీకట్లో చల్లగా, లేత ఆకులా... పచ్చ వెలిగింది. డ్రైవరు మాత్రం ఆగుతాడా? పచ్చ చూసిన మనిషి! ఒక్క పరుగున గొట్టం దగ్గరికి పోయి, బుగ్గలు పగిలేలా ఒకే ఒక్క పొడుగాటి కూత వేశాడు.

"చూపించేశారు!" అని కరెంటు పిల్ల ఎగిరి గంతేసింది. "పచ్చ చూపించేశారు! ఇక వెనక్కి తీసుకోడానికి లేదు మామయ్యగారూ!"

"లేదు లేదు! బండి కదిలిపోయింది," అని గార్డు మఫ్లరుతో కళ్లొత్తుకున్నాడు. "వాళ్లకి రేపే చెప్పేస్తాను, మావాడి బండి ముందే బయల్దేరిందని." చీకట్లోకి చూసి కొడుకుని మెచ్చుకున్నాడు. "ఒరేయ్, మేకులు కొట్టడమే వచ్చనుకున్నాను. సమయానికి భలే కొట్టావురా గంట!"

మేకులబాబు పలకలేదు.

"సిగ్గుపడతావేంరా?"

"నాన్నా... నేనిక్కడే ఉన్నాను."

ఉన్నాడు. వాడి ఎడం చెయ్యి కరెంటు పిల్ల చేతిలోనే ఉంది. కుడి చెయ్యి మెల్లగా జేబులోంచి బయటికి తీసి, పచ్చ దీపం వెలుగులో గుప్పిట విప్పాడు.

ఇత్తడి ముక్క. గంట నాలుక.

నలుగురూ ఒక్కసారే తలలు తిప్పారు. టికెట్ల గది ముందు, నాలుక లేని గంట... ఇంకా సన్నగా ఊగుతోంది.

గార్డుగారు నిటారుగా నిలబడ్డారు. మఫ్లరు సర్దుకుని, ఆ గంట వైపు తిరిగి, తలదాకా చెయ్యెత్తి సెల్యూట్ కొట్టారు. "బాకీ తీరింది మాస్టారూ... చాలా సంతోషం," అన్నారు, ఎంతో మర్యాదగా.

ఆ తర్వాత పరుగు లంకించుకున్నారు. ఆ వెనకాల డ్రైవరు, ఆ వెనకాల పెళ్లికూతురు, చెయ్యి వదలకుండా ఆమె వెనకాల పెళ్లికొడుకు. నలుగురూ నవ్వుతూనే కేకలు పెడుతున్నారో, కేకలు పెడుతూనే నవ్వుతున్నారో షెడ్డులో ముసుగుతన్ని పడుకున్న కాపలాదారుకి ఈనాటికీ అంతుపట్టలేదు.

ఒకటి మాత్రం ఆ కాపలాదారు ముసుగు తీసి లేచి, తలుపు సందులోంచి కళ్లారా చూశాడు. ఈసారి గార్డుని వదిలేసి ఎవరూ పోలేదు. గేటు దాటినప్పుడు అందరికంటే ముందున్నది ఆయనే.